సరిచూసినది: కృష్ణప్రియ

జూన్ 9, సోమవారం

మంగమ్మ చేత ఒప్పుదల పత్రం మీద వేలిముద్ర వేయించాను. ఉద్దానంలో ఆమె జీడితోట తగువు ఇక కోర్టుకు వెళ్లదు. ఆన్‌లైన్ ఆర్బిట్రేషన్. రెండు పక్షాల మాటా కంప్యూటర్ వింటుంది, ఇంగ్లీషులోకి మార్చుకుని తీర్పు రాస్తుంది, హైదరాబాద్‌లో ఒక ఆర్బిట్రేటర్, అంటే మధ్యవర్తి, చూసి సంతకం పెడతాడు. ముప్పై రోజుల్లో అయిపోతుంది. కోర్టయితే వాయిదాలకే ఆమె చెప్పులు అరిగిపోతాయి.

మరిది పోలయ్య కూడా ఒప్పుకున్నాడు. వదిన తోట తనకు ఇచ్చేసిందని అతని వాదన. భర్త పోయాక ఆమెకు ఆ అరవై చెట్లే దిక్కు.

మిషనుకి మన బాస తెలుస్తాదా పిరియమ్మా అని రెండుసార్లు అడిగింది. తెలుస్తుందన్నాను. దానికి కులం ఉండదు, లంచం ఉండదు, భోంచేశాక కునుకు ఉండదు అన్నాను. లా కాలేజీలో ఇదే టాపిక్ మీద ప్రైజు కొట్టినదాన్ని, ఆ మాత్రం పొగరు ఉంటుంది. మా సీనియర్ భాస్కరరావు గారు నవ్వి, ఈ పిల్ల మాట ఇను మంగమ్మా, మాం ముసిలోళ్లం అయిపోనాం అన్నారు. నేను పొంగిపోయాను.

జూన్ 17

మంగమ్మ వాంగ్మూలం. కాశీబుగ్గ ఆఫీసులో ఫోన్ ముందు కూర్చోబెట్టాను. జడ్జీబాబు ఏడమ్మా అంది. ఫోన్ చూపించాను. దానికే దండం పెట్టింది. నాకు నవ్వొచ్చింది.

బాగానే చెప్పింది. తుపానుకి సెట్లు పడిపోనాయి, ఆ ఏడే మా ఇంటాయనకి కిడ్నీలు పోనాయి, డయాలసిస్‌కి తిప్పడంతోనే సరిపోయి తోట ఒగ్గీసినాను, అప్పుడు మా మరిది సూసుకుంతానన్నాడు అంది. నేను పక్కనే కూర్చున్నాను.

జూన్ 20

మందస బస్సులో నిలబడి ఉండగా సార్ ఫోన్. నీ నంబరుకి ఓటీపీ వచ్చుంటాది, సెప్పమ్మా అన్నారు. చెప్పాను.

జూలై 4, శుక్రవారం, ఉదయం 11

తీర్పు వచ్చింది. ఓడిపోయాం.

అదే రోజు, సాయంత్రం 5

పదకొండు పేజీలు. చక్కటి ఇంగ్లీషు. నాకంటే మంచి ఇంగ్లీషు. ఎనిమిదో పేజీలో ఉంది అసలు సంగతి. తుపాను తర్వాత తోట మీద హక్కు వదులుకున్నానని మంగమ్మ స్వయంగా అంగీకరించింది కాబట్టి తోట పోలయ్యదేనట.

ఎక్కడ అంగీకరించింది? ఆడియో మళ్లీ విన్నాను. ఒగ్గీసినాను. ఆ ఒక్క మాట! ఇక్కడ చంటిపిల్లలు కూడా అనే మాట. నాలుగు రోజులు మడివైపు వెళ్లకపోయినా ఒగ్గీసినట్టే, గొడుగు బస్సులో మరిచిపోయినా ఒగ్గీసినట్టే. చూసుకోలేకపోయాను అని ఆమె అంటే, మిషను దాన్ని రెలింక్విష్డ్, అంటే హక్కు వదులుకున్నాను అని చేసేసింది.

ఆర్బిట్రేటర్ ఫైలు తెరిచి మూసిన టైమ్ కూడా ఉంది. నాలుగు నిమిషాలు.

సార్‌కి ఫోన్ చేశాను, ఎత్తలేదు. పర్లేదు. అనువాదం తప్పని చూపిస్తే జిల్లా కోర్టులో తీర్పు కొట్టేయించొచ్చు. సార్ చూసుకుంటారు.

జూలై 5

సార్ ఇంకా ఎత్తలేదు.

జూలై 7, సోమవారం

ఆర్బిట్రేషన్ నడిపే కంపెనీ వాళ్లు రికార్డు పంపారు. తీర్పుకు ముందు అనువాదాన్ని మా తరఫు లాయరు సరిచూడాలట. సరిచూశారట. జూన్ 20, మధ్యాహ్నం 12.10. సరిచూసినది: కృష్ణప్రియ, అడ్వొకేట్.

పదిసార్లు చదివాను. నా పేరే.

ఆఫీసుకి వెళ్లాను. సార్ కాఫీ తెప్పించారు. ముట్టుకోలేదు. ఆ రోజు ఆ కంపెనీ యాప్‌లో మా ఆఫీసువి ముప్పై ఒక్క ఫైళ్లు ఉన్నాయట. నేను చెప్పిన ఓటీపీతో నా పేరున లోపలికి వెళ్లి వరసగా టిక్కులు కొట్టుకుంటూ పోయారట. ఒక్కటీ చదవలేదట. మీకూ లాగిన్ ఉంది కదా సార్, నాది ఎందుకు అని అడిగాను. రేపు ఏటైనా తేడా వత్తే నా పేరు మీదికి వత్తాది కదమ్మా, నువ్వంటే సిన్నపిల్లవి, తెలీక సేసిందనుకుంతారు అన్నారు.

మామూలుగా అన్నారు. బస్సు టైమ్ చెప్పినట్టు.

లాయరుగా ఎన్‌రోల్ అయిన రోజు నాకు నల్లకోటు కొనిపెట్టిన మనిషి. కంప్యూటర్‌కి మన యాస రాదు, సరే. ఈయన పుట్టిందే మందసలో! ఒగ్గీడం అంటే ఏమిటో ఈయనకి ఒకరు చెప్పాలా? చదివి ఉంటే అర నిమిషం పని. నాకు కంప్యూటర్ మీద కోపం రావడం లేదు. అది నాకేమీ కోటు కొనిపెట్టలేదు. నాకు ఏడుపొస్తోంది, ఒళ్లు మండిపోతోంది.

జూలై 10

ఊరుకుంటే తోట పోయినట్టే. పిటిషన్ వేస్తే, నేను సరిచూడలేదని, ఓటీపీ ఇంకొకరికి చెప్పానని ప్రమాణ పత్రం ఇవ్వాలి. బార్ కౌన్సిల్ నన్ను ఏం చేస్తుందో తెలీదు. నల్లకోటు వేసుకుని రెండేళ్లు కాలేదు. తొందరపడకు అమ్మాయ్ అని సార్ మెసేజ్ పెట్టారు.

జూలై 14, సోమవారం

మంగమ్మ ఇంటికి వెళ్లాను. పోలయ్య అప్పుడే తోట చుట్టూ ముళ్లకంచె వేయిస్తున్నాడు. ఆమె గుమ్మంలో కూర్చుని అటే చూస్తోంది. అంతా చెప్పాను, ఓటీపీ సంగతితో సహా.

తిట్టలేదు. తిడితే బాగుండేది. మిషను ఇననేదంటే ఇననేదు, నువ్వు ఇన్నావు కదా పిరియమ్మా, పక్కనే కూకున్నావు కదా అంది.

ఆమె మాట ఇంగ్లీషులో ఏమైందో చూడాలని నాకు తట్టనే లేదు. సార్ నన్ను మోసం చేశారని వారం నుంచి కుమిలిపోతున్నాను. ఆమె ఎవరిని నమ్మింది? సార్‌ని కాదు, కంప్యూటర్‌ని కాదు.

జూలై 21

సాక్షిగా నిలబడేవాళ్లు అదే కేసులో లాయరుగా ఉండకూడదు. మంగమ్మ వకాలతులో నా పేరు కొట్టేశాను. తీర్పు కొట్టేయమనే పిటిషన్‌లో సాక్షుల జాబితాలో మొదటి పేరు నాది.