కాచనక్కరలేని నీళ్లు

జార్జి టౌన్, చెన్నై
14 మే 1997, ఉదయం

నీళ్లు, నిప్పు, నమ్మకం అనే మూడు శాఖలపై సర్వాధికారాలు గల పెద్దలకు, వారి పేర్లూ హోదాలూ అర్జీదారుకు తెలియకపోయినప్పటికీ, సవినయంగా తెలియజేయునది: ఈ కింది విషయం హాస్యం కాదు. హాస్యం కాదని ముందుగా ధ్రువీకరించవలసిన స్థితికి అర్జీదారు కేవలం తన స్వయంకృషితోనే చేరుకున్నాడు.

అమ్మకు రాఘవ్ నమస్కారాలు. చెల్లెలు ఆరతికీ, ఇరవై రెండు రోజుల మేనకోడలికీ ఆశీస్సులు. ఇక్కడ అందరమూ క్షేమమని రాయడం ఆచారం. ఆ వాక్యాన్ని ప్రస్తుతానికి నిలిపి ఉంచాను. కారణాలు కింద విన్నవిస్తాను.

ముందుగా నీ ఉత్తరంలోని ప్రశ్నలు. పాండీ బజారులో ఇచ్చిన నీ రవికలను టైలరు ఇంకా ఇవ్వలేదు. శుక్రవారం అన్నాడు, ఏ శుక్రవారమో తెలపలేదు. వీధి చేతిపంపు బాగుచేశారు. బాగైనందువల్లనే ఇబ్బంది మొదలైంది. నాన్న నా ఉత్తరం అడుగున రెండు ముక్కలైనా ఎందుకు రాయడం లేదన్నావు. దానికి జవాబును కొద్దిగా వాయిదా వేస్తున్నాను.

నీ ఉత్తరంలో ప్రశ్న కాని ఒక వాక్యం ఉంది: "మీ నాన్న టీవీలో చెప్పింది చూసినప్పటి నుంచీ ఈడ కూడా నీళ్లు కాచేది మానేసినాము, బిడ్డకు చెంచాతో పట్టేది కూడా కాచని నీళ్లే." అది చదివిన వెంటనే తంతి ఆఫీసుకు పరుగెత్తి "నీళ్లు కాచండి. అత్యవసరం" అని పంపాను. నిన్న సాయంత్రం నీ జవాబు చేరింది: "జోకు అందింది. అందరం క్షేమం." మీ ఎదురింటి ఫోను మోగుతూనే ఉంది, ఎవరూ ఎత్తడం లేదు.

నిన్ను తప్పు పట్టే హక్కు నాకు లేదు. మన పిల్లికి రేషను కార్డు మంజూరైందని నగరపాలక సంస్థ పేరిట నీకు నోటీసు పంపిన కొడుకును నేనే. నువ్వు పిల్లిని బుట్టలో పెట్టుకుని ఆ ఆఫీసు దాకా వెళ్లావు కూడా.

నాన్న టీవీలో కనిపించిన ఆ డాక్యుమెంటరీ పుట్టుక నీకు తెలియనిది కాదు. నువ్వు నెల్లూరు బయలుదేరడానికి ముందు వారం, మన హాల్లోనే తీశారు. ఏప్రిల్ ఒకటో తేదీన వేయడానికి ఒక బూటకపు శాస్త్రీయ చిత్రం కావాలని నా స్నేహితుడి కంపెనీ అడిగింది. కాశీలో పుట్టిన ఒక పాతాళ నది నెల్లూరు మీదుగా వచ్చి జార్జి టౌన్ కిందుగా, పల్లం నుంచి మెరకకు పారుతోందని, దారిలోని పంపుల్లో వచ్చేవి ఆ నీళ్లేనని రాసిచ్చాను. నది మెరకకు పారితే జనం నవ్వుతారని విశ్వవిద్యాలయం నాకు నేర్పింది. శాస్త్రవేత్త వేషానికి రావలసిన నటుడు రాలేదు. అందువల్ల హార్బరు ఆఫీసులో ముప్పై ఏళ్లు రికార్డు గుమాస్తాగా పనిచేసిన నాన్నను నా పుస్తకాల బీరువా ముందు కూర్చోబెట్టాము. గడ్డం ఆయనదే. కింద కనిపించే "డాక్టర్ భాష్యం, అధోజల పరిశోధకులు" అనే అక్షరాలు మావి. ఆయన మాటలు మరచిపోయినప్పుడల్లా నువ్వు వంటింటి గుమ్మంలో నిలబడి నవ్వావు. అయినా నెల్లూరులో కేబులు కనెక్షనున్న ఇంట్లో అదే చూసి, "నిజమో కాదో తెలీకుండానే టీవీలో వేస్తారా" అని రాశావు.

ఒకటో తేదీన క్రికెట్టు అడ్డుపడి చిత్రం ఆ వచ్చే ఆదివారానికి జరిగింది. "ఇదంతా కల్పితం" అనే అక్షరాలు ఉండవలసిన చివరి అర నిమిషంలో టి. నగర్ చీరల దుకాణం ప్రకటన వచ్చింది. ఆపైన అది కేసెట్టుగా కేబులువాళ్ల చేతులు మారుతూ నెల్లూరు చేరింది.

పోయిన వారం ఆరోగ్య శాఖ నుంచి ఒకావిడ క్లోరిన్ బిళ్లలు పంచడానికి పంపు దగ్గరికి వచ్చింది. మన కింది వాటా పచ్చయమ్మ, బిందె దించకుండానే విచారణ చేపట్టింది.

"నువ్వు ఏ చానల్లో వస్తావమ్మా?"

"నేను చానల్లో రానమ్మా. హెల్త్ ఆఫీసు నుంచి వచ్చినాను."

"అద్దో! టీవీలోనే రాని దానివి, మా డాక్టర్ సారుకే చెప్పొచ్చినావా?"

నేను కలగజేసుకున్నాను. "పచ్చయమ్మా, అదంతా అబద్ధం. రాసింది నేనే."

"నువ్వు రాస్తే ఏంది తంబీ, చెప్పింది సారు గదా."

పంపు కొడుతున్న కేబులు ఆదిమూలం చెయ్యి ఆపాడు. "ఉండు తంబీ. అప్పుడు అది నిజమని రాస్తివి. ఇప్పుడు అబద్ధమంటా ఉండావు. ఇది నీకెవురు రాసిచ్చినారు?"

వీధంతా నవ్వింది. మెరకకు పారే నదిని ఒక్క ప్రశ్నా అడగని వీధి, ఆ ఉదయం నన్ను పద్ధతిగా, ఆధారాలు కోరుతూ అనుమానించింది. ఆవిడ బిళ్లల సంచి బరువు తగ్గకుండానే తిరిగి వెళ్లింది.

ఇక వాయిదా వేసిన జవాబు. నాన్నకు పచ్చకామెర్లు, కాచని పంపు నీళ్ల వల్లేనట. ఆరు రోజులుగా ఆసుపత్రిలో ఉన్నారు. కుడిచేతికి సెలైన్ ఉన్నందువల్ల రాయలేదు. నీకు తెలపవద్దని ఆయనే అన్నారు, నేనూ సులువుగా ఒప్పుకున్నాను. ప్రమాదం దాటిందని నిన్న డాక్టరు చెప్పారు. ఆ వెంటనే ఇంట్లో ఇంకెవరెవరున్నారని అడిగారు. నెల్లూరు సంగతి చెప్పేసరికి ఆయన కలం మూసి నన్ను చూశారు. "బాలింతా చంటిబిడ్డా ఉన్న ఇంట్లోనా? ఒక్క పూట కూడా ఆగొద్దండి" అన్నారు.

ఇంతవరకూ రాసింది నివేదిక. మిగిలింది ఒప్పుకోలు.

"ఈ నీళ్లు కాచనక్కరలేదు, కాస్తే వాటి శక్తి పోతుంది" అన్న వాక్యం, నువ్వు అందరికీ కాఫీ కలపడానికి లోపలికి వెళ్లినప్పుడు తీసింది. నాన్న కాగితం పక్కన పెట్టేశారు.

"ఇది మాత్రం వద్దురా. తక్కినదంతా కత. ఇది తాగే నీళ్ల మాట. ఎవురన్నా నిజమనుకుంటే?"

"ఎవరు నమ్ముతారు నాన్నా? నది పల్లం నుంచి మెరకకు పారుతోంది!"

"నమ్మేవాళ్లు నదిని చూడరురా. నన్ను చూస్తారు."

నేను ఆ వాక్యాన్ని కొట్టివేయలేదు. చిత్రం మొత్తంలో నాకు బాగా నచ్చిన వాక్యం అదే. గొంతులో ఇంకొంచెం గాంభీర్యం కావాలని ఆయన చేత మూడుసార్లు చెప్పించాను.

మొన్న మంచం పక్కన కూర్చుని అడిగాను. "అబద్ధమని మీకు తెలుసు గదా నాన్నా. మీరెందుకు తాగారు?"

"చెప్పేటప్పుడు నమ్మలేదురా. వీధంతా డాక్టర్ సారూ అంటా ఉంటే, ఆదిమూలం ఇంట్లో కేసెట్టు ఇంకోసారి చూసినాను. ఆయప్ప అంత నిదానంగా చెప్తా ఉండాడు. అబద్ధమని ఎట్లా అనుకునేది?"

ఆయప్ప అన్నారమ్మా, ఎవరో పరాయి మనిషిని అన్నట్టు, తనను గురించే.

నేనే బయలుదేరవలసింది. నాన్న లేచినప్పుడల్లా తూలుతున్నారు, పక్కన ఒకరుండాలన్నారు. అందువల్ల ఈ ఉత్తరాన్ని మేడమీది కేశవ్ తెస్తున్నాడు. సౌకార్‌పేట కొట్టులో పన్నెండేళ్లుగా పనిచేస్తున్నా, అతడు హాస్యమాడిన దాఖలా ఒక్కటీ లేదు. నాన్నను, ఆయన కళ్ల పసుపును, దగ్గరగా చూసి వస్తున్నాడు. నన్ను వదిలేసి అతణ్ని అడుగు. ఆసుపత్రి మెట్ల మీద నా పక్కనే నిలబడి, రైలు పోతుందని ఇప్పటికి నాలుగుసార్లు చెప్పాడు. దస్తూరీ బాగాలేకపోవడానికి కారణం అది ఒక్కటే కాదు.

అందుచేత, సదరు పెద్దల సమక్షంలో నియమానుసారం దాఖలు చేస్తున్న డిమాండు:

1. ఈ కాగితం మడవక ముందే పొయ్యి వెలిగించి, నీళ్లు తెర్లేదాకా కాచి, చల్లార్చి, అవే బిడ్డకూ ఆరతికీ నీకూ వాడవలెను. ఇందుకు నన్ను నమ్మవలసిన అవసరం లేదు. నమ్మకుండానే కాచమ్మా.

రెండో డిమాండు లేదు.

ఇట్లు,
నీ కొడుకు
రాఘవ్