బూడిద ఉబ్బలో గోధుమరంగు చొక్కాలు

సెప్టెంబరు 1932

నా బంగారు తండ్రీ ఆన్సెల్మో,

ఫ్రాన్సులో చలి మొదలైందా? ఉన్ని బనీను వేసుకుంటున్నావా? తాపీపనికి నువ్వెక్కే ఆ పరంజాలు గట్టిగా కట్టారో లేదోనని ఇక్కడ నాకు కంటిమీద కునుకు ఉండదు. ఈ ఉత్తరం టపాలో వేయడం లేదు, అన్నీ విప్పి చదువుతున్నారు. నిమ్మకాయల బేరగాడు ఫెర్మో బుట్ట అడుగున పెట్టుకుని సరిహద్దు దాటిస్తానన్నాడు. బుట్ట తడిస్తే ఎలాగా అని అదొక దిగులు. రెండో తరగతి చదువు నాది, తప్పులుంటే సర్దుకుని చదువుకో.

నీకు చెప్పకుండా ఒక పని ఒప్పుకున్నాను. ఆలివు తోటల పైన పసుపు మేడ ఉందే, అందులోకి జర్మనీ నుంచి ముప్పై మంది దాకా మగపిల్లలు దిగారు. నాజీలట. ఎవరడిగినా యాత్రికులని చెప్పాలట. యాత్రికులు పొద్దున్నే తోటలో వరస కట్టి కవాతు చేస్తారా? వాళ్ళ దేశంలో పోలీసులు వాళ్ళ కోసం వెతుకుతున్నారని, మన ఇటలీ ప్రభుత్వమే తెచ్చి దాచిందని బట్టలుతికే రేవులో అందరికీ తెలుసు. వాళ్ళ బట్టలు ఉతికేది నేనే. మేయరు బెనాత్తి గారు స్వయంగా మన గడప తొక్కి అడిగారు.

“ఓర్సోలమ్మా, పాపం తల్లులకు దూరమైన పిల్లలు. వాళ్ళని నువ్వు చూసుకో, మీవాడి సంగతి నేను చూసుకుంటా.”

“మావాడి సంగతంటే ఏంటి బాబూ?”

“మా పార్టీ గద్దెనెక్కి పదేళ్ళు అవుతోంది కదా. పండగకి క్షమాభిక్షలు పెడతారు. ‘తప్పయింది, ఇక మీ మాట దాటను’ అని ఒక్క సంతకం గీకి పంపితే క్రిస్మస్‌కి నీ ఇంట్లో భోంచేస్తాడు. దానికి తోడు నా మాట కూడా పడాలనుకో.”

ఆయన ఫాసిస్టు పార్టీ నల్లచొక్కాల వాళ్ళే నిన్ను కుర్చీకి కట్టి ఆముదం తాగించారు. అది నాకు గుర్తులేక కాదు. కానీ క్రిస్మస్ అనేసరికి తలూపాను.

వాళ్ళలో ఎవాల్డ్ అని ఒకడున్నాడు. అచ్చం నీలాగే నీళ్ళు గటగటా తాగి దగ్గుతాడు. నన్ను వాళ్ళ భాషలో అమ్మా అంటాడు. ఎండుచేపలు కాల్చి, మొక్కజొన్న ముద్దతో పెట్టాను. ఇంటి మీద బెంగ పెట్టుకున్నవాడిలా తిన్నాడు. పరాయి దేశంలో నా కొడుక్కి ఏ తల్లో ఒక ముద్ద పెడుతూ ఉంటుంది, నేను ఈ తరిమేసిన పిల్లాడికి పెడితే లెక్క సరిపోతుందనుకున్నాను. నా పక్కన ఉతికే జియోకొండ మాత్రం రేవులో అందరి ముందూ ఎత్తిపొడిచింది: “ఏం ఒదినా, సొంత కొడుకుని తరిమిన వాళ్ళ చుట్టాలకి మడతలు పెడుతున్నావా?” నేను ఏడ్చుకుంటూ ఇంటికొచ్చాను.

ఆ సంతకం కాగితం దీంతోనే పంపుతున్నాను. పెట్టెయ్ నాన్నా. నాకు వయసైపోయింది. ఒక్కసారి చూడాలని ఉంది.

మీ అమ్మ,
ఓర్సోలా


నవంబరు 1932

నాన్నా ఆన్సెల్మో,

ఆ కాగితం నీకు చేరిందా? చేరితే ముందు దాన్ని పొయ్యిలో పెట్టు. పెట్టాకే మిగతాది చదువు. నువ్వు ఈపాటికే సంతకం పెట్టేశావేమోనని పదిసార్లు దండం పెట్టుకుని ఇది రాస్తున్నాను.

ఎవాల్డ్‌కి జుట్టు కత్తిరించడానికి మంగలి బోర్తొలో మేడకి వెళ్ళాడు. బట్టల మూటతో నేనూ వెళ్ళాను. బోర్తొలో కుర్రతనంలో ఆస్ట్రియాలో పనిచేశాడు, వాళ్ళ భాష తెలుసు. నా నోరు ఊరుకోదు కదా. “తమ్ముడూ, నిన్నెవరు తరిమారు నాయనా అని అడుగు” అన్నాను. పిల్లాడు అద్దంలో చూసుకుంటూ హుషారుగా చెప్పడం మొదలుపెట్టాడు. బోర్తొలో చేతిలో కత్తెర ఆగిపోయింది.

“ఏమంటున్నాడు?”

“వద్దులే అక్కా.”

“చెప్పరా!”

చెప్పాడు. వాళ్ళ ఊళ్ళో ఒక అచ్చుపనివాడు వీళ్ళ పార్టీకి వ్యతిరేకంగా కాగితాలు అచ్చు వేసేవాడట. ఆదివారం భోజనాల వేళ ఎవాల్డ్‌తో కలిపి నలుగురు వెళ్ళి అతని తలుపు కొట్టారట. ఆ అచ్చుపనివాడి తల్లి తీసిందట. కొడుకు స్నేహితులనుకుని, రండి బాబూ, సూప్ వేడిగా ఉందని లోపలికి పిలిచిందట. ఆమె ముందే కొడుకుని కొట్టి చంపారు. “ముసలిది గరిటె కూడా దించలేదు” అని చెప్పి ఎవాల్డ్ నవ్వాడు. వాళ్ళ పార్టీ గెలిచాక తిరిగి వెళ్తాడట, అప్పుడు ఇంకా చాలా తలుపులు కొట్టాలట.

నేను ముద్ద పెట్టిన చెయ్యి నాన్నా ఇది. రెండు రోజులు దీంతో నేను తినలేకపోయాను. ఊళ్ళోంచి వెళ్ళిన వాళ్ళందరూ నీలాంటి వాళ్ళేననుకున్నాను. తరిమించుకున్నవాడు వేరు, పారిపోయినవాడు వేరు అని ఈ వయసుదాకా నాకు తట్టలేదు.

మరునాడే మేయరు గారి నుంచి పెద్ద మూట వచ్చింది. వాళ్ళ పార్టీ చొక్కాలు, గోధుమరంగువి. బయట వేసుకోకూడదు కాబట్టి పెట్టెల అడుగున దాచుకున్నారు. పదేళ్ళ పండగకి మేడ ప్రహరీ లోపల, మన నల్లచొక్కాల వాళ్ళ పక్కన నిలబడి ఫోటో దిగుతారట. దుప్పట్లు ఉడికించే పెద్ద తొట్టి కడిగాను. చొక్కాలు అడుగున పరిచాను. పైన గుడ్డ, గుడ్డ మీద జల్లించిన బూడిద. నీళ్ళు కాగుతున్నాయి. జియోకొండ చూసి పరుగెత్తుకొచ్చింది.

“ఒదినా, నీకు మతి పోయిందా? రంగు బట్టలు బూడిద ఉబ్బలో వేస్తారా ఎవరైనా? తెల్ల దుప్పట్లు వేసేది కదే అది!”

“నాకు తెలీదా?”

“రంగు దిగిపోతుందే!”

“దిగనీ.”

అది నా మొహంలోకి చూసింది. రెండో చెంబు అందుకుని మరిగే నీళ్ళు పోయడం మొదలుపెట్టింది. మిగతా ఆడవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి చేయి వేశారు. పొద్దుగూకేసరికి తొట్టి కిందనుంచి రంగు నీళ్ళు కాఫీ డికాక్షన్‌లా కారాయి. చొక్కాలు పైకి తీస్తే కొన్ని కోడిరెట్టలా, కొన్ని పసిపిల్లాడి ముడ్డిగుడ్డలా మరకలు మరకలుగా తేలాయి. వాటినే ఇస్త్రీ చేసి, నీటుగా మడత పెట్టి పంపాను. ఫోటో లేదు, ఏమీ లేదు.

మేయరు గారు వచ్చారు. కూర్చోలేదు.

“ముసలిదానివి, పొరపాటు పడ్డావనుకుంటా. వచ్చి వాళ్ళ నాయకుడి ముందు అదే చెప్పు. చెబితే మీవాడి విషయం నడుస్తుంది. లేకపోతే నా మాట వెనక్కి తీసుకుంటా.”

నేను బల్ల పట్టుకుని నిలబడ్డాను. భయం వేసింది. అయినా అన్నాను: “పొరపాటు కాదు బాబూ. యాభై ఏళ్ళుగా ఉతుకుతున్నాను. మావాడు ఒక కాగితం పంచినందుకు ఊళ్ళో చోటు లేదన్నారు. తల్లి ముందు కొడుకుని చంపినవాడికి మెత్తటి పరుపు వేశారు. మావాడొచ్చి ఎక్కడ నిలబడాలి, వాడి పక్కనా?”

“క్రిస్మస్ సంగతి ఆలోచించుకో.”

“ఆలోచించే మాట్లాడుతున్నా. మీరు దయచేయండి, పొయ్యి మీద ముద్ద అడుగంటుతోంది.”

వెళ్ళిపోయారు. తలుపు వేసి పొయ్యి మీది ముద్ద దించాను. ఇప్పుడు ఆ మేడ పని లేదు, మేయరు మనుషులు రోజూ గుమ్మం ముందు తచ్చాడుతున్నారు. పర్వాలేదు. జియోకొండ ఇంట్లోనే రెండు పూటలా తింటున్నాను, నోరు ఎక్కువగానీ చెయ్యి మంచిది.

నువ్వు రావద్దు. ఇది రాయడానికి పొద్దుట్నుంచీ పట్టింది, కానీ రాశాను. మీ అమ్మ మంచం పట్టింది, సంతకం పెట్టి రా అని ఎవరైనా కబురు చేస్తే నమ్మకు. నిజమైనా సరే రాకు. చచ్చిపోయిందన్నా రాకు. నా శవపెట్టె మోయడానికి జియోకొండ కొడుకులు నలుగురున్నారు, నేను ముందే అడిగి ఉంచాను, సరేనన్నారు.

బనీను తీయకు.

మీ అమ్మ,
ఓర్సోలా