తండ్రి పాదం దగ్గర ప్రహ్లాదుడు

ఫిబ్రవరి 3, సోమవారం
ఒప్పేసుకున్నా! తిరుపతి కల్యాణమండపం వాళ్లకి ఆరడుగుల కలంకారీ గుడ్డ మీద నరసింహస్వామి. నాయన కాదు, నేనే గీయాలట. ముప్పై ఆరేళ్లకి మొదటిసారి నా పేరు అడిగి ఇచ్చిన పని. కాళ్లు భూమ్మీద నిలవడం లేదు.

ఫిబ్రవరి 5
గుడ్డని పాలలో, కరక్కాయ రసంలో ముంచి ఆరేశాం. ఇల్లంతా గేదెపాల వాసన. అబ్బ, ఎంత బాగుందో!

ఫిబ్రవరి 8
బొగ్గు గీతలు అయ్యాయి. గడప మీద స్వామి, ఒళ్లో హిరణ్యకశిపుడు, పక్కన చేతులు జోడించి నవ్వుతూ ప్రహ్లాదుడు. తాత గీసినట్టే, నాయన గీసినట్టే. రంగులు నింపడానికి వచ్చే ఖాదర్‌బీ చాలాసేపు చూసింది.
"అక్కా, ఆ పడుకోనుండేది ఆ బిడ్డోడి నాయనే గదా?"
"అవును."
"మరి నగతా ఉండాడే?"
 ఎన్ని వందలసార్లు గీశాను ఆ నవ్వు! సిగ్గేసింది. ఆ వెంటనే ఒళ్లంతా జిల్లుమంది.

ఫిబ్రవరి 9
లేచింది మొదలు అదే ధ్యాస. హిరణ్యకశిపుడు చెడ్డవాడే, కాదనను. కన్నకొడుకుని కొండ మీంచి తోయించాడు, ఏనుగులతో తొక్కించాడు. అయినా తండ్రే కదా. కాపాడడానికి వచ్చిన దేవుడు ఆ బిడ్డ కళ్లముందే చీల్చాలా? అవతలికి ఈడ్చుకెళ్లొచ్చు కదా! — రాసి నేనే నవ్వుకున్నాను. ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు.

ఫిబ్రవరి 10
నాయనని అడిగేశా.
"జయవిజయుల శాపం మే అది. సామి చేతిలో సావే వాడికి మోక్షం."
"అది మనకి తెలుసు నాయనా. ఆ బిడ్డకి తెలుసా?"
 నాయన గెలిచినవాడిలా — "వరం కోరుకోమంటే ఏమడిగినాడో తెలుసునా? మా నాయన పాపం కడుగు సామీ అన్నాడు."
గెలిచింది నేనే! నవ్వేవాడు అలా అడుగుతాడా?
ఖాదర్‌బీకి చెబితే — "మా కాడా ఉండాదిలే అక్కా ఇట్టాంటిది. మా ప్రవక్త ఇబ్రహీం నబీని కొడుకుని బలియ్యమన్నాడు అల్లా. ఆఖరికి బిడ్డకి బదులు పొట్టేలు వచ్చె. మీ బిడ్డోడికి పొట్టేలు గూడా రాలా, పాపం."

ఫిబ్రవరి 12
పాత బొగ్గు గీతలు దులిపేసి మళ్లీ గీశా. ప్రహ్లాదుడు ఇప్పుడు ఇటువైపు, తండ్రి కాళ్ల దగ్గర. ఒక చెయ్యి స్వామికి దండం పెడుతోంది. రెండో చెయ్యి వేలాడుతున్న తన నాయన పాదం పట్టుకుని ఉంది. నవ్వు లేదు. ఆగలేక కసింతో, అదే బెల్లం నీళ్లలో ఇనుము నానేసిన నల్లరంగుతో, గీసేశా! ఇక చెరగదు. 

ఫిబ్రవరి 13
నాయన చూశాడు.
"దేవుడిది తప్పంటావా?"
"అనలా నాయనా. అడగతా ఉండా."
"దండం పెట్టుకునే బొమ్మ మే ఇది, అడిగేదానికి కాదు."
లేచి వెళ్లిపోయాడు. మా ఇంట్లో దేవుడి కళ్లు పెద్దవాళ్లే గీయాలి, అదీ అన్ని రంగులూ అయ్యాక. ఆయన గీయనంటే ఈ గుడ్డ మా గడప దాటదు.

ఫిబ్రవరి 17
మాటల్లేవు. అన్నం దగ్గర కూడా.

ఫిబ్రవరి 24
ఎరుపు బాగా పట్టింది. స్వర్ణముఖి ఏట్లో జాడించి తెచ్చాం. మండపం ఓనరు ఫోను — "ఫోటో పంపమ్మా." కళ్లు లేని దేవుణ్ణి ఏం పంపను? భయంగా ఉంది. అయినా ఆ చిన్న చెయ్యి చూసినప్పుడల్లా ఎగిరి గంతెయ్యాలనిపిస్తుంది... నేనేనా గీసింది!

మార్చి 1, శనివారం
రంగులన్నీ నిన్నటితో అయిపోయాయి. పొద్దున్నే నాయన వచ్చి గుడ్డ ముందు గొంతుక్కూర్చున్నాడు. అద్దాలు తుడుచుకున్నాడు.
"కలం తే."
కలం అందించాను. మా బొమ్మల్లో స్వామి చూపు ఎప్పుడూ హిరణ్యకశిపుడి గుండె మీదే. నాయన ఒక కన్ను గీశాడు. అది బిడ్డని చూస్తోంది! అరిచేశాను, ఖాదర్‌బీ వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది.
రెండో కంటి దగ్గర చెయ్యి ఆగింది. 
"ఇదీ బిడ్డనే సూస్తే, ఆ గోళ్లు ఎట్ల దిగతాయి మే? నువ్వే సెప్పు."
కలం నా చేతిలో పెట్టాడు. ఇది రాస్తున్నా ఎడం చేత్తో ఇంకా పట్టుకునే ఉన్నాను, రెండో కన్ను ఖాళీగానే ఉంది.