ఎర్ర రంగు కలిసిన నీళ్లు

అక్కా,

నీ తమ్ముడి నమస్కారాలు. ఇక్కడ మేం ముగ్గురం కులాసాగా ఉన్నాం. నువ్వూ బావా కూడా ఒంట్లో బాగానే ఉన్నారని నీ ఉత్తరం చూసి స్థిమితపడ్డాను.

నా నడుం గురించి అడిగావు. ఇప్పుడు నయం. పడవల కింద వెల్లకిలా పడుకుని నాచు గీకడం మానేసి, చక్రాల పీట ఒకటి చేయించుకున్నాను. దాని మీద కూర్చునే పని కానిస్తున్నాను. నీ మేనకోడలికి ముందుపళ్లు రెండూ ఊడాయి. నవ్వొస్తే చాలు, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటోంది. నీ మరదలికి మాత్రం నా మీద ఒకటే సణుగుడు. "పడవల అడుగుకి చేసే సేవలో పావు వంతు మనింటి గచ్చుకి చేస్తే అద్దంలా ఉండేది" అంటుంది. కాదనడానికి నాకు నోరెక్కడుంది?

ఇక నువ్వడిగిన అసలు ప్రశ్న. "నీళ్లలోనే అరగంటలో గీకి పారేసేవాడివి, ఇప్పుడు ప్రతి పడవనీ ఒడ్డుకి లాగి మూడేసి రోజులు కూర్చుంటున్నావట, ఎందుకురా ఈ చాదస్తం?" అని రాశావు. నీదాకా ఈ కబురు మోసిందెవరో నాకు తెలుసు. మన తొందరాయన. పోయిన నెల తన చేపల పడవ తెచ్చాడు.

"సాయంత్రానికల్లా దింపేస్తావుగా?"

"ఎల్లుండి దాకా పడుతుందండీ."

"పడవకేమన్నా పురుడు పోస్తున్నావా? నీళ్లలోనే నాలుగు గీకులు గీకి పంపించవయ్యా!"

"రంగు ఊడి నీళ్లలో కలుస్తుందండీ."

"కలవనీ. అన్ని నీళ్లలో గుప్పెడు రంగు ఏ మూలకి?"

ఆయన అన్నమాటే ఒకప్పుడు నేనూ అనేవాణ్ణి. ఇప్పుడు పడవని ర్యాంపు మీదికి లాగి, కింద టార్పాలిన్ పరుస్తున్నాను. అడుగున పట్టిన నాచూ గుల్లలూ ఎండి బిగుసుకోకముందే, తడి మీదే తీసేస్తున్నాను. కడిగిన నీళ్లు కాలువ వెంట సిమెంటు తొట్టిలోకి పోతాయి. అడుక్కి దిగిన మడ్డిని ఆరబెట్టి డ్రమ్ములకెత్తితే, విషపు చెత్త తీసుకెళ్లే లారీ నెలకోసారి వచ్చి పట్టుకుపోతుంది. తొట్టి నేనే తవ్వాను. నడుం పట్టేసింది అప్పుడే.

నీ ప్రశ్నకి ఇది సగం జవాబే. మిగతా సగం ఆరేళ్లుగా నా దగ్గర ఉండిపోయింది.

పాయ మలుపులో మీరిద్దరూ తాళ్లకి వేలాడదీసి పెంచిన ఆలుచిప్పలు వారం తిరగకుండా నోళ్లు తెరుచుకుని చచ్చిపోయాయి కదా. రోగం పట్టిన పిల్లచిప్పల్ని తెచ్చాడని నువ్వు బావని ఒడ్డు మీద, నలుగురిలో నిలబెట్టి దులిపేశావు. "చూసే తెచ్చాననుకున్నానే" అన్నాడు, అంతే. నేనక్కడే ఉన్నాను.

అవి చావడం మొదలవడానికి నాలుగు రోజుల ముందు మూడు పాత పడవలు నా దగ్గరికి వచ్చాయి. పొరలు పొరలుగా ఎర్ర రంగు. ఆటు మొదలై నీళ్లు వెనక్కి తీసే వేళ వాటిని నీళ్ల అంచునే నిలబెట్టి, మిషనుతో ఆ రంగంతా చెక్కేశాను. పాయ ఎర్రబడింది. ఆ ఎరుపు మెల్లగా మీ తాళ్లవైపు పోతుంటే కళ్లారా చూశాను. ఆ రంగులో రాగి కలుపుతారక్కా. పడవకి గుల్ల పట్టకుండా చంపడానికే. అది మీ చిప్పల్ని మాత్రం ఎందుకు వదులుతుంది?

నువ్వు బావని అంటున్నంతసేపూ నా నోరు పెగల్లేదు. రేపు చెబుదామనుకున్నాను. ఆ రేపు రాకముందే తాళ్లు విప్పేసి, చేపల ఫ్యాక్టరీలో పనికని మీరిద్దరూ ఊరు మారారు. మొన్నటి ఉత్తరంలో కూడా "మీ బావ చేతిలో ఏది పెట్టినా అంతే" అని రాశావు. ఆ ముక్క చదివాక అన్నం సహించలేదు.

ఈ సోమవారం నీళ్లు పరీక్ష చేసే ఉద్యోగి వచ్చాడు. లోగడ ఓసారి వచ్చి సీసాల్లో పాయ నీళ్లూ, అడుగు బురదా పట్టుకెళ్లిన మనిషే. మలుపు దగ్గర రాగి బాగా తగ్గిందనీ, మళ్లీ చిప్పలు పెంచుకోవచ్చనీ చెప్పాడు.

"ఇదివరకు ఇక్కడ ఎవరు పెంచేవాళ్లు?" అని అడిగాడు.

"మా అక్కా బావానండీ."

"ఎందుకు మానేశారు?"

"చిప్పలన్నీ చచ్చిపోయాయండీ. చంపింది నేనే."

రాస్తున్నవాడల్లా ఆగి నా మొహంలోకి చూశాడు. "వాళ్లకి తెలుసా?" అన్నాడు. తెలీదన్నాను. ఆయన కలానికి మూత పెట్టుకుని వెళ్లిపోయాడు. ముక్కూ మొహం తెలియని మనిషికి చెప్పగలిగినవాణ్ణి నీకెందుకు చెప్పలేకపోయానో నాకే అర్థం కాలేదు.

తిరిగి రమ్మని అడగడానికి ఇది రాయడం లేదు. ఆ మలుపు మీకు కావాలో వద్దో మీ ఇష్టం. నాకో సాయం చెయ్యి. ఈ ఉత్తరం బావకి నువ్వే చదివి వినిపించు, ఒక్క మాట కూడా వదలకుండా. ఆయన తెచ్చిన పిల్లచిప్పలు మంచివక్కా. లారీలోంచి బుట్టలు దింపింది నేనే. ఒక్కొక్కటీ నిగనిగలాడుతూ, చెయ్యి తగిలితే టక్కున మూసుకునేవి.

వచ్చే ఆదివారం కాక పై ఆదివారం పొద్దున బస్సుకి వస్తున్నాను. బావ తలుపు తీస్తే లోపలికి వస్తాను. తీయకపోతే మెట్ల మీద కూర్చుంటాను.

ఇట్లు,
ఆరేళ్లు ఆలస్యంగా నోరు విప్పిన
నీ తమ్ముడు