గౌరి నడక

వట్లూరు సూర్యప్రకాశరావు గారికి నమస్కారం. నేను కొల్లేటికోట హరిప్రియ అమ్మనండీ. ఫోన్లో అడగలేక రాస్తున్నాను.

మీ గుర్రం గౌరి నడుస్తుంటే, పైన కూర్చున్న మా పాప నడుం తనే నడుస్తున్నట్టు అటూ ఇటూ సమంగా కదిలేది. ఆరేళ్ళొచ్చినా నడవని పిల్లకు ఆ అడుగులే నడక నేర్పుతాయని థెరపిస్టు గారు చెప్పారు. రెండు వారాలుగా గౌరి మీద పాప ఎడమకే ఒరిగిపోతోంది. "బలం తగ్గుతున్నట్టుందమ్మా, మళ్ళీ పరీక్షలు చేయిద్దాం" అంటున్నారాయన.

నాకైతే గౌరే కుంటుతున్నట్టుందండీ. దయచేసి దాని ఎడమ వెనక కాలు ఎత్తి చూడండి. గిట్టలో రాయి ఇరుక్కుని ఉంటుంది. ఉండాలని పెద్దింట్లమ్మకు చలిమిడి కూడా మొక్కుకున్నాను. నోరులేని జీవి మీద ఇదేం మొక్కని తిట్టుకోకండి.

రాయి దొరికితే వెంటనే ఫోన్ చేయండి. దొరక్కపోతే ఇంకోసారి చూడండి.