అమ్మ లేని ఫోటోలు

అద్దంకి

చెల్లీ స్తుతీ,

ఫోన్ చేస్తే మాట మధ్యలో పెట్టేస్తున్నావు. ఉత్తరాన్ని అలా పెట్టేయడం కుదరదు, చింపాలి. చింపే ముందు చదువుతావని నా నమ్మకం.

నిన్న మార్టూరు వెళ్లాను. అమ్మ సమాధికి నల్లరాయి సిద్ధమైంది. రాళ్ల పిచ్చయ్య దాన్ని అద్దంలా పాలిష్ పట్టి ఉంచాడు. ఇప్పుడు వాళ్ల దగ్గర మిషన్ ఉంది, ఫోటో ఇస్తే ముఖాన్ని రాయి మీద చెక్కిపెడుతుందట. "ఫోటో ఇవ్వండి మాస్టారూ, జ్ఞాపకార్థ కూడిక నాటికి పంపించేస్తా" అన్నాడు. నా దగ్గరున్నది ఆధార్ కార్డు మీది ఫోటో ఒక్కటే. అందులో అమ్మ పోలీసు స్టేషన్లో నిలబెట్టిన మనిషిలా ఉంటుంది. పిచ్చయ్య దాన్ని చూసి, "స్టూడియో వాడికివ్వండి. తల ఇదే ఉంచి పట్టుచీర కట్టిస్తాడు, మెడలో గొలుసు కూడా వేస్తాడు. మొన్న ఒక ముసలాయనకి కోటు తొడిగించాం, కొడుకులు తెగ మురిసిపోయారు" అన్నాడు. బతికినంతకాలం చీర మీద నాన్న పాత చొక్కా తొడుక్కుని, మూతికి తువ్వాలు చుట్టుకుని మిరపకాయలు కోసిన మనిషికి చచ్చాక పట్టుచీరా? వద్దన్నాను.

అందుకే నిన్ను అడుగుతున్నాను. అమ్మ ముఖం ఉన్న ఫోటో ఒక్కటి పంపు. బళ్లో డ్రాయింగ్ చెప్పుకుంటూనే ఫోటోగ్రాఫర్‌వి అయిపోయావు. వచ్చే నెల గుంటూరులో గోడలకి తగిలించి జనానికి చూపించబోతున్నావు. 'రోజూ చూసేవే' అని పేరు కూడా పెట్టావు. ఆ ఫోటోలు అచ్చేసి నువ్వు పంపిన పుస్తకం మొదటి నుంచి చివరి దాకా తిరగేశాను. మంచు పట్టిన మిరపకాయ ఉంది. విచ్చిన పత్తికాయ మీద ఎర్ర పురుగు ఉంది. స్టీలు క్యారేజీ మూతలో పండుమిరపకాయ పచ్చడి, పక్కన కలిపిన ముద్ద ఉన్నాయి. కూలీల ఆటో వెనక నుంచి దూరమైపోతున్న రోడ్డు ఉంది. అమ్మ లేదు. కల్లంలో రంగు పోయిన తాలుకాయలు ఏరే ఆమె చెయ్యయినా లేదు. పురుగుకి దొరికిన చోటు నీ దగ్గర కన్నతల్లికి దొరకలేదు.

నిరుడు పత్రికలో నీ ఫోటోలు అచ్చయినప్పుడే నేను 'కడుపు నిండిన కన్ను' అని వ్యాసం రాశాను. నీ పేరు ఎత్తలేదు గాని ఎవరి గురించో అందరికీ తెలుసు. అప్పుడన్నదే ఇప్పుడూ అంటాను. మిరపకాయ మీద మంచు ముత్యంలా కనిపించాలంటే ఆ కాయ కోసే పని నీది కాకూడదు. ఆటో వెనక రోడ్డు అందంగా కనిపించాలంటే రేపు మళ్లీ అదే ఆటోలో కాళ్లు వేలాడేసుకుని కూర్చోవాల్సిన ఖర్మ నీకు ఉండకూడదు. అది ఒక్కరోజు సరదాకి ఎక్కి దిగినవాళ్ల చూపు. అందం చూడటానికి తీరిక కావాలి. ఆ తీరిక ఎవరి నడుము విరిగితే వచ్చిందో ఫోటోలో పడదు. నువ్వు జవాబు రాయలేదు. జవాబు లేకే రాయలేదనుకున్నాను.

మన పేటలో మనిషి ఫోటో తీసేది ఆధార్ కోసం, తర్వాత చావు ఫ్లెక్సీ కోసం. ఈ రెంటికీ మధ్య బతికిన బతుక్కి సాక్ష్యం ఉండదు. అమ్మ దగ్గుతో మంచం పట్టాకైనా నీకు కెమెరా అటు తిప్పాలనిపించలేదా? ఏం, అమ్మ దగ్గు అందంగా లేదా?

ఫోటో రాకపోతే ఉత్త రాయే నిలబెడతాను. ముఖం ఏదని అడిగినవాళ్లకి మా చెల్లెల్ని అడగండి అని చెప్తాను.

నీ అన్న,
జయపాల్

*

గుంటూరు

అన్నయ్యా,

చింపలేదు. అమ్మ ముఖం నా దగ్గర లేదు. ఆ ఫోటోల్లో అమ్మ ఎందుకు లేదంటే, వాటిని తీసింది అమ్మ.

నేను కొత్త ఫోన్ కొనుక్కున్నప్పుడు పాతది ఆమెకి ఇచ్చాను, వీడియోలో మాట్లాడుకోవచ్చని. ఒకరోజు పొద్దున్నే ఆ మిరపకాయ ఫోటో వచ్చింది. పొరపాటున చెయ్యి తగిలిందేమో అనుకుని ఫోన్ చేశాను. "తగలడం కాదే, నేనే తీశా. ఎంత బాగుందో చూడు. దీన్నేమో తుంచాల్సొచ్చింది" అంది. అప్పటి నుంచి కోతకి వెళ్లిన ప్రతి చేను నుంచీ ఏదో ఒకటి పంపేది. మేస్త్రి అటు తిరగ్గానే తీసేదట. ఆటోలో కాళ్లు వేలాడేసుకుని కూర్చున్నది అమ్మే. ఆ క్యారేజీ మూతలోది ఆమె మధ్యాహ్నం తిన్న అన్నమే. పత్తి చేలో ఆ పురుగు ఫోటో తీస్తుంటే పక్క సాలు వాళ్లు, "ఏం పున్నమ్మక్కా, పురుక్కి సంబంధం చూస్తన్నావా?" అని ఏడిపించారట. "చూస్తన్నా. మీ అమ్మాయికే. ఎర్రగా ఉన్నాడు, కట్నం అడగడు" అందట. చెప్పి చెప్పి నవ్వింది.

పత్రికకి పంపుతానంటే నా పేరే వెయ్యమంది. మేస్త్రికి తెలిస్తే పన్లోకి రానివ్వడని ఒక భయం. రెండో భయం నువ్వు. "మీ అన్నకి చెప్పమాకే. వాడు దీన్ని కూడా వ్యాసం చేస్తాడు." నేను నవ్వాను. నువ్వు చేశావు.

నేను ఊరెళ్లినప్పుడు నీ వ్యాసం అమ్మ చదివింది. బైబిలు తప్ప ఏదీ చదవని మనిషి, వరస మీద వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదివింది. "బాగా రాశాడు" అంది. మళ్లీ తనే, "నిజమేలే, కోతకి పోయినదానికి ఈ పిచ్చి చూపులేంటి" అంది. ఆదివారం గుడి నుంచి వచ్చాక ఫోన్ తెచ్చి నా సంచిలో పెట్టేసింది. మళ్లీ ముట్టుకోలేదు. నీకు జవాబు రాద్దామంటే ఒట్టు పెట్టించుకుంది. ఆమె పోయాక రాయాలన్న ఓపిక నాకు లేకపోయింది.

ముఖం తీస్తానని ఎన్నిసార్లు అడిగానో. తువ్వాలు అడ్డం పెట్టుకునేది. "నన్నేం చూస్తావే, నేను చూసేవి చూడు" అనేది. మంచంలో ఉన్నప్పుడు కూడా అడిగాను. కిటికీ తియ్యమంది.

పుస్తకంలో పెట్టని ఫోటో ఒకటి దీంతో పంపుతున్నాను. ఎప్పుడు తీసిందో నాకు తెలియదు. పంపుతూ ఫోన్లో ఒక్క ముక్క అంది: "చూడవే, మీ అన్న. ఈ ఒక్కసారికి మాట్లాడటం లేదు."

నీ చెల్లెలు,
స్తుతి

*

అద్దంకి

స్తుతమ్మా,

నీకు జవాబులు రాసి రాసి చింపాను. ఇది పంపుతున్నాను.

ఆ వ్యాసంలో ఒక్క వాదన కూడా వెనక్కి తీసుకోను. కడుపు నిండిన కన్ను ఉంది, ఇవాళ్టికీ మన మిరపచేల గట్ల మీద నిలబడి సెల్ఫీలు దిగుతోంది. నేను చిరునామా తప్పు రాశాను, అంతే. ఆ 'అంతే' అన్నదాని కింద ఒక మనిషి ఉంది. అందం చూడటానికి తీరిక కావాలన్నాను. ఆమె తీరిక లేకుండానే చూసింది, మేస్త్రి కన్నుగప్పి చూసింది. కూలీకి కూడు కావాలని ఇన్నేళ్లు అరిచినవాణ్ణి, కన్ను కూడా ఉంటుందని అనుకోలేదు. మేస్త్రికి ఆమె వంగిన నడుమే కనిపించింది. నాకూ అదే కనిపించింది. వాడు ఫోన్ లాక్కోలేకపోయాడు. నేను లాక్కున్నాను.

నీతోనూ తగువుంది. అమ్మ నీ పేరు వెయ్యమంది, నువ్వు వేసుకున్నావు. బతికుండగా భయమన్నావు, సరే. చచ్చినదాన్ని ఏ మేస్త్రి పన్లోంచి తీసేస్తాడు? గోడ మీద నీ పేరు తీసెయ్. మేకల పున్నమ్మ, మిరప కూలీ అని వెయ్యి. ఆ ఎగ్జిబిషన్ వాళ్లు కాదంటే చెప్పు, వచ్చి పోట్లాడతాను. ఆ పని నాకు వచ్చు. ఒప్పుకుంటే వచ్చి ప్రతి ఫోటో ముందూ నోరు మూసుకుని నిలబడతాను. ఆ పని నాకు రాదు.

పిచ్చయ్యకి ఆ మంచు పట్టిన మిరపకాయ ఇచ్చాను. "ముఖం లేకుండా మిరపకాయేంటి మాస్టారూ? ఎవరో మిర్చి షావుకారు సమాధి అనుకుంటారు" అన్నాడు. "అనుకుంటే దగ్గరికొచ్చి కింద పేరు చదువుకుంటారు" అన్నాను. ఆమె తీసిన ఫోటో అని కూడా చెక్కమన్నాను. నన్ను విచిత్రంగా చూశాడు గాని రాసుకున్నాడు.

నువ్వు పంపిన ఫోటో బల్ల మీద ఉంది. మన ఇంటి మెట్టు మీద కూర్చుని గోంగూర కలుపుకుని తింటున్నాను. కళ్లు కంచంలో ఉన్నాయి. రెండడుగుల దూరంలో, ఫోన్ పట్టుకుని, అమ్మ నిలబడి ఉంది. తువ్వాలు మూతి మీద ఉండి ఉండదు, ఇంట్లోనే కదా. తల ఎత్తితే కనిపించేది.

దాన్ని మాత్రం గోడకి పెట్టకు.

అన్నయ్య