నాలుగో పేజీ

మార్చి 4
చేతులకు, కాళ్లకు, నోటికి పొక్కులు తెచ్చే హ్యాండ్-ఫుట్-మౌత్ జబ్బు టీకా రెండో డోసు పడ్డ నెలకు పిల్లల రక్తంలో యాంటీబాడీలు ఎంత పెరిగాయో చూడటం ల్యాబ్‌లో నా పని. ఈరోజు అక్క కూతురి రిపోర్టు వచ్చింది. బ్రహ్మాండంగా ఉంది. ఇక ఆ జబ్బు దాని జోలికి రాదు, నిశ్చింతగా ఉండమని అక్కకు ఫోన్ చేశాను.

మార్చి 19
పిల్ల వెళ్లే క్రెష్‌లో ముగ్గురికి పొక్కులట. మనదానికేం భయం లేదుగా అని అక్క అడిగింది. లేదన్నాను.

మార్చి 22, ఉదయం 7
వచ్చింది. అరచేతుల్లో, అరికాళ్లలో, నోటి చుట్టూ. జ్వరం నూట మూడు. రెండేళ్ల పిల్ల మంచినీళ్లు మింగలేక గ్లాసు తోసేస్తోంది. గొంతు శాంపిల్ నేనే ల్యాబ్‌కు పట్టుకెళ్లాను.

మార్చి 24
రిపోర్టు వచ్చింది. కాక్సాకీ ఎ6 వైరస్.
మా టీకా ఎంటెరోవైరస్ 71 మీద. ఈ జబ్బు తెచ్చే వైరస్‌లు చాలా ఉన్నాయి. మెదడుకు పాకి ప్రాణం మీదికి తెచ్చేది ఎక్కువగా 71. అందుకే దానికి చేశారు. దాని యాంటీబాడీలు ఎ6ను ఆపవు. ఇది నాకు కొత్త సంగతి కాదు.
అక్కకు చెప్పడానికి గొంతు పెగల్లేదు అని రాయబోయాను. అబద్ధం. చెబితే టీకా వేయించదేమోనని దాచాను. వాళ్ల బిల్డింగ్‌లో ఇంకో ఆరుగురు తల్లులకూ అలాగే, జబ్బు రాదనే చెప్పాను.

మార్చి 25
నేను దాచిన సంగతి మా ల్యాబ్ డాక్టరుగారికి చెప్పాను. టీకాకు ముందు వాళ్లు సంతకం పెట్టిన ఫారం నాలుగో పేజీలో రాసే ఉందిగా అమ్మా అన్నారు. ఏడ్చే పిల్లను ఒళ్లో పెట్టుకుని నాలుగో పేజీ ఎవరు చదువుతారు సార్ అన్నాను. ఆయన కళ్లజోడు తుడుచుకున్నారు. అందరికీ అర్థమయ్యేలా రాసి పట్టుకురా, మొదటి పేజీలో పెడదాం అన్నారు.

మార్చి 26
ఆరు ఇళ్లకూ వెళ్లాను. అయితే సూది దండగేనా అంది ఒకామె. కాదండీ, పెద్ద గండం నుంచి కాపాడుతుంది, మిగతావాటి నుంచి కాదు అన్నాను. ఇంకొకామె మాట పూర్తికాకుండానే తలుపు వేసేసింది.
చివరికి అక్క. అంతా విని, చెప్పినా వేయించేదాన్నేనే అంది. నన్నంత తెలివితక్కువదాన్ని అనుకున్నావా అంది.

ఏప్రిల్ 2
పొక్కులు ఎండాయట. బావ చెప్పాడు. అక్క నా ఫోన్ ఎత్తడం లేదు.

ఏప్రిల్ 27
అక్కే వచ్చింది. పిల్ల గోళ్లు ఊడుతున్నాయి. ఎ6 తర్వాత కొందరికి అలా అవుతుంది, నొప్పి ఉండదు, మళ్లీ వస్తాయి అన్నాను. నీకు తెలిసిందంతా ఇంతేనా అని అడిగింది. ఇంతే అన్నాను.
పిల్ల ఊడిన గోరు తెచ్చి నా అరచేతిలో పెట్టింది. నా వేళ్లు ఒక్కొక్కటే ముడిచి పిడికిలి మూసింది.